లేచి నిలబడని ద్వీపపు దొర

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న ద్వీపం ఉంది. నేను దాన్ని చూడలేదు, ఇక చూడను కూడా. కాని ఒక మధ్యాహ్నం బాన్సువాడలో ఆ ద్వీపానికి దొరగా కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే, కూర్చోవడం. నన్ను చేయమన్న పని మాత్రం అది కాదు.

మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు నేర్పేది, ఎవరు వస్తే లేవాలో, ఎవరు వస్తే లేవకూడదో. తాలూక్‌దారు వస్తే వాకిలి దాకా ఎదురు వెళ్లాలి. తహసీల్దారు వస్తే లేచి నిలబడితే చాలు, అడుగు వేయనక్కరలేదు. పటేలో పట్వారో వస్తే కుర్చీ చేతుల మీద అరచేతులు ఆన్చి, లేవబోతున్నట్టు కొద్దిగా కదలాలి. వాళ్లే 'కూర్చోండి, కూర్చోండి' అంటారు, అప్పుడు వెనక్కి ఆనుకోవాలి. షావుకారుకు తల ఊపితే సరిపోతుంది. మిగతావాళ్లు వస్తే కదలనక్కరలేదు. మా తండ్రి దీన్ని నాకు బెత్తంతో నేర్పాడు. ఒకసారి మంగలి వచ్చినప్పుడు పొరపాటున లేచినందుకు రెండు దెబ్బలు తిన్నాను. అప్పుడు నాకు ఆరేళ్లు.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అలాగని సిగ్గుపడుతూనూ చెప్పడం లేదు. అది మా ఇంటి పద్ధతి. మా తాత కాలంలో బాన్సువాడకూ నస్రుల్లాబాద్‌కూ నడుమ మూడు ఊళ్లు మావి. అన్నదమ్ముల తగాదాల్లో, కోర్టుల్లో అవి పోయాయి. నాకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి మిగిలినవి, వానకు కారే మేడ, ముందు రాతి స్తంభాల వసారా, ఆ వసారాలో తాత చేయించిన ఎత్తువీపు టేకు కుర్చీ, పైన చెప్పిన విద్య. నిజాంసాగర్ కాలువ వచ్చి చుట్టుపక్కల మెట్టభూములన్నీ చెరకుతోటలయ్యాయి. అప్పటికి ఆ భూములు మావి కావు. చెరకు బండ్లు మా వాకిలి ముందు నుంచే పోయేవి. బండివాళ్లు మా ఇల్లు వచ్చేసరికి ఇంకా దిగి నడిచేవారు. నేను కుర్చీలో కూర్చుని అది చూసేవాణ్ణి. వాళ్లు దిగి నడిచేది మమ్మల్ని చూసే కాని మా భూముల్ని చూసి కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఇక నీరడి సంగతి. మా పక్కన నీరడి అంటే చెరువు తూము తెరిచి మూసి, వంతు ప్రకారం పొలాలకు నీళ్లు పారించే మనిషి. తండ్రి తర్వాత కొడుకు చేసే పని అది. మా నీరడి ఊరి చివర వాడలో ఉండేవాడు. పొడగరి, ముందుకు వంగిన మెడ, నీళ్లల్లో నాని నాని పాలిపోయిన కాలివేళ్లు. తూముకు చెత్త అడ్డం పడితే ఊపిరి బిగబట్టి మునిగి చేత్తో లాగి తీసేవాడు. ముడులు వేసిన తాడు నీళ్లల్లోకి వదిలి చెరువు లోతు బారల్లో చెప్పేవాడు. కాలువ వచ్చాక గేట్లకు సర్కారు తాళాలు పడ్డాయి, తాళంచెవులతో లస్కర్లు వచ్చారు. చెరువు పశువులకు మిగిలింది. అయినా అతను రోజూ పొద్దున్నే పార భుజాన వేసుకుని కట్ట మీదికి పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మా వసారా మెట్ల కింద నిలబడి, "బాంచెన్ దొర, ఇయ్యాల రెండు బారల మీద మూరెడున్నది" అని చెప్పి పోయేవాడు. ఆ లోతుతో ఎవరికీ పని లేదు. నేను తల ఊపేవాణ్ణి. పదేళ్లుగా మా ఇద్దరి నడుమ జరిగిన మాటలు అవే.

అతని కొడుకు నాకంటే ఒకటి రెండేళ్లు చిన్న. చిన్నతనంలోనే తల్లి అతన్ని దూరంగా మిషను బడిలో చేర్చింది. ఆమే వాడలో అందరికంటే ముందు కొత్త మతంలో చేరిన మనిషి. కొడుకు చదువు ముగించుకుని తెల్ల చొక్కాతో, చంకలో గ్రంథంతో తిరిగి వచ్చిన ఏడాదికే ఆమె పోయింది. కాలువ పక్కన మట్టిగోడల ప్రార్థన గుడిసె, దాని వెనక ముళ్లకంచె వేసిన చిన్న జాగా. ఆమెను అందులో పాతిపెట్టారు. కొడుకు ఆదివారం ప్రార్థన చెప్పేవాడు, మిగతా రోజులు పిల్లలకు ఓనమాలు నేర్పేవాడు. ఊరంతా పంతులు అనేది. నేనూ అలాగే పిలిచేవాణ్ణి, కాకపోతే కొంచెం సాగదీసి.

నలభై రెండులో మాల్టా పేరు మా ఊరికి వచ్చింది, యుద్ధం వార్తలతో. హైదరాబాదు ఉర్దూ పత్రిక ఒకటి నిజామాబాద్ బస్సులో రెండు రోజులు ఆలస్యంగా నాకు అందేది. ఊళ్లో పత్రిక వచ్చే ఇళ్లు మూడే. వాటిలోంచి మా ఇల్లు తప్పిపోవడం ఇష్టం లేక నేను దాన్ని మానలేదు. ఆ ఎండాకాలం పత్రికలో తరచూ అదే కబురు, ద్వీపం మీద విమానాలు బాంబులు వేశాయని, అయినా ద్వీపం లొంగలేదని. వసారా ముందు చేరినవాళ్లకు చదివి వినిపించేవాణ్ణి. ఒక పొద్దున అందరూ వెళ్లిపోయాక పంతులు మెట్ల కింద నిలబడిపోయాడు.

"దొర, ఒక ముచ్చట అడుగుత. పేపర్ల వస్తున్న మాల్టా, మా గ్రంథంల ఉన్న మెలితే, రెండూ ఒకటేనా?"

"మీ గ్రంథంల దానికేం పని?"

"మా దేవుని మాట రోముకు పోయే తొవ్వల ఆగిన జాగ దొర అది."

నా బడినాటి అట్లాసు లోపలి నుంచి తెప్పించాను. ఇటలీ కాలి కింద సిసిలీ, సిసిలీ కింద ఒక చుక్క. నేను కుర్చీలో ఉన్నాను, అతను మెట్ల కింద ఉన్నాడు. అక్కడి నుంచి చుక్క కనపడదు. అందుకని అట్లాసును గుండెకు ఆనించి అతని వైపు తిప్పి పట్టుకుని, వేలితో చూపించాను. అతను మెడ సాచి చూశాడు.

"గంతనేనా? చీమగుడ్డంత లేదు గద!"

పైకి వచ్చి చూడమని అనాలని నాకు తోచలేదు. అనుకుని ఊరుకున్నది కాదు, తోచనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ బాధగా ఉంటుంది.

తర్వాత కొన్ని పొద్దుల్లో అతను నాకు ఆ కథ చెప్పాడు. క్రీస్తు పోయిన కొన్ని సంవత్సరాలకు, ఆ మతం చెప్పే బోధకుడొకణ్ణి ఖైదీగా పట్టి చక్రవర్తి ముందు విచారణకు రోముకు ఓడలో తీసుకుపోతున్నారు. పద్నాలుగు రోజులు తుఫాను. సూర్యుడు లేడు, చుక్కలు లేవు. నావికులు తాడు వదిలితే ఇరవై బారలు, కొంచెం పోయి వదిలితే పదిహేను. ఓడ ఇసుకలో దిగబడి పగిలింది. ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు చెక్కలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. ఆ ఒడ్డు మాల్టా. అక్కడివాళ్ల భాష వేరు. వాన, చలి. వాళ్లు మంట వేసి అందరినీ దగ్గరికి పిలిచారు. ఖైదీ పుల్లలు ఏరి మంటలో వేస్తుంటే పాము వచ్చి చేతికి చుట్టుకుంది. వీడు హంతకుడై ఉంటాడు, సముద్రం వదిలినా పాపం వదల్లేదు అన్నారు. అతను పామును మంటలో దులిపేసి ఊరుకున్నాడు. చేయి వాచలేదు, మనిషి పడలేదు. అయితే వీడు దేవుడే అన్నారు. ద్వీపపు దొర వాళ్లను ఇంటికి పిలిచి మూడు రోజులు ఉంచుకున్నాడు. దొర తండ్రి జ్వరంతో, రక్త విరేచనాలతో పడి ఉంటే ఖైదీ ప్రార్థించి బాగుచేశాడు. చలికాలమంతా, మూడు నెలలు, అక్కడే ఉండి తర్వాత రోముకు పోయారు. ఆ దొరే తర్వాత అక్కడి సంఘానికి మొదటి పెద్ద అయ్యాడని ద్వీపంవాళ్లు నేటికీ చెప్పుకుంటారట.

నేను వాదించేవాణ్ణి.

"అంతకు ముందే సైప్రస్ అనే పెద్ద ద్వీపంల గవర్నరే నమ్మిండంటివి గద. దాన్ని చెప్పుకో పంతులూ. గవర్నరు నమ్మితే ఊరు నమ్ముతది. మాల్టాల ఈయన ఒక్కనికన్న బోధ చేసినట్టు నువ్వు చెప్పలే. ఇంక మతం ఎట్ల పాకింది?"

అతను గ్రంథం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దు పొడవక ముందే వచ్చి నిలబడ్డాడు.

"దొరికింది దొర జవాబు. బోధ చేసిండని లేదు, నిజమే. మంట ఏసి దగ్గర కూసోబెట్టుకున్నరని ఉన్నది. మూడు నెల్లు కలిసి కూసున్నరు. ఇంక ఏరే చెప్పుడెందుకు?"

"వకీలు కావలసినోడివి" అన్నాను. ఆ పొద్దుల కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టానని అతనికి చెప్పలేదు. నాతో మాట్లాడేవాళ్లు తక్కువ. నా వంటివాళ్లతో మాట్లాడాలంటే ఇంటికి పిలవాలి, పిలిస్తే మా ఇంటికి తగ్గ భోజనం పెట్టాలి.

వానలు మొదలయ్యాక ఒకరోజు తండ్రీ కొడుకులు కలిసి వచ్చారు. పంతులు నవ్వుతూనే మొదలుపెట్టాడు.

"మా నాయన తుఫాను నమ్మిండు దొర. పామును గూడ నమ్మిండు. ద్వీపం దొర కాడికి వచ్చి ఆగిపోయిండు."

నీరడి పార కింద ఆనించి నిలబడ్డాడు. "బాంచెన్, నువ్వే చెప్పు దొర. ఇరవై బారలు, ఎనుకనే పదిహేను. గది నిజం. ఒడ్డుకు వస్తుంటే గట్లనే తగ్గుతది. నీళ్లు తెల్వనోడు గా మాట చెప్పలేడు. తడిసిన కట్టెలల్ల పామున్నది, గదీ నిజమే. గని దొర లేచి నిలబడి, చేతులకు తాడున్న ఖైదీని తీస్కపోయి పక్కన కూసోబెట్టుకున్నడంట. ఏ దొర లేస్తడు? అరవై ఏండ్ల సంది దొరలను చూస్తున్న, నాకు తెల్వదా?"

"లేచిండని గ్రంథంల ఉన్నదా పంతులూ?"

"చేర్చుకున్నడని ఉన్నది దొర. కూసున్నకాడికెల్లి ఎట్ల చేర్చుకుంటరు?"

"గా ఒక్కటి అబద్ధమైతే మిగిలింది నేనెట్ల నమ్మాలె?" అన్నాడు ముసలాయన. "గందుకే మునగనంటున్న."

ఆ మతంలో చేరడమంటే నీళ్లల్లో మునగడం. వాడలో సగంమంది మునిగారు. పంతులు సొంత తండ్రి మునగలేదు. "నలభై ఏండ్లు చెరువుల మునిగినోన్ని. ఇంకొక్కసారి మునుగుడు నాకొక కష్టమా? గని అబద్ధానికి మునగ" అనేవాడట. నాకు అది నవ్వులాటగా ఉంది. పంతులుకు కాదు. తండ్రిని ముందు పంపి అతను వెనక నిలబడి నెమ్మదిగా చెప్పాడు.

"మునగకుండ పోతే కంచె లోపల జాగ ఇయ్యరు దొర, అది సంఘం కట్టడి. మా అమ్మ లోపల ఉన్నది. ఈయన బయట పడుతడు. ఈ లోకంలనే గాదు, ఆ లోకంల గూడ." అతని కళ్లల్లో నవ్వు లేదు.

వరికోతలు అయ్యాక వాళ్లు కోతల పండుగ చేసుకుంటారు. ఆ పండుగకు ద్వీపం కథను పాటగా కట్టి ఆడాలనుకున్నారు. పంతులు నన్ను అడగడానికి వచ్చిన రోజు బాగా గుర్తుంది. చొక్కా ఉతికించుకుని వచ్చాడు.

"మీరొచ్చి ద్వీపం దొరగా కూసోవాలె దొర. మాట్లాడేది లేదు. నాయన ఖైదీ. నేను పాటల దొర లేచిండు అన్నప్పుడు ఒక్కసారి లేవాలె, నాయన చెయ్యి పట్టి పక్కన బల్ల మీద కూసోబెట్టాలె. గంతే."

"వేషం ఎవరన్న కట్టొచ్చు గద?"

"కట్టొచ్చు. మావోడు దొర వేషం కట్టి లేస్తే మావోడు లేచినట్టే. నాయన నమ్మడు. మీరు లేస్తే నమ్ముతనన్నడు. మునుగుతనన్నడు దొర. నోటితోని అన్నడు."

ఒప్పుకున్నాను. దయతో ఒప్పుకున్నానని రాసుకుంటే బాగుండును. నిజం అది కాదు. చెరకుతో బలిసిన పటేలును అడగకుండా, పట్వారిని అడగకుండా, దొర కావలసి వచ్చేసరికి నా దగ్గరికి వచ్చారు. అది నాకు గర్వమనిపించింది.

అమ్మ మా తండ్రి జరీ షేర్వాణీని పెట్టెలోంచి తీసి దులిపింది. "నాటకంల నిన్ను ఏం చెయ్యమన్నరు?" అని అడిగింది.

"కూర్చోమన్నరు."

"గది మనకొచ్చిన పనే" అంది. మిగతాది నేను చెప్పలేదు.

యుద్ధంతో కిరసనాయిలు దొరకడం లేదు, అందుకని పగటిపూటే ఆడారు. ఇద్దరు మనుషులు మా టేకు కుర్చీని తలల మీద మోసుకుపోయి ప్రార్థన గుడిసె ముందు కల్లంలో వేశారు. పక్కన ఒక బల్ల. వాడంతా వచ్చింది. దారిన పోయే చెరకు బండ్లు ఆగాయి. అంచున గొడుగు పట్టుకుని పట్వారి నిలబడ్డాడు, పోతూ పోతూ ఆగినట్టు. ఇద్దరు ఆడవాళ్లు నీలిమందు వేసిన చీరను రెండు కొసలు పట్టి ఊపితే అదే సముద్రం. డప్పు తుఫాను. చీర కింద నుంచి మనుషులు పాక్కుంటూ వచ్చారు. నీరడి అందరికంటే వెనక వచ్చాడు, చేతులు నారతాడుతో కట్టుకుని, నిజంగానే కడివెడు నీళ్లు పోసుకుని. పెద్ద చలేస్తున్నట్టు పళ్లు కొరికితే పిల్లలు పడీ పడీ నవ్వారు. గడ్డి కూరిన గుడ్డ పాము అతని చేతిని పట్టుకున్నప్పుడు వెనక నుంచి ఒక ముసలమ్మ అరిచింది.

"ఓ పామా, మా బావను కరువకు! ముదురు తోలు, నీ పండ్లు ఇరుగుతయ్!"

"నీ నోటికన్న మెత్తగనే ఉన్నది మరదలా" అన్నాడు అతను ఖైదీ వేషంలోనే. పట్వారి కూడా నవ్వాడు.

తర్వాత అతను మెల్లగా నా కుర్చీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. కట్టిన చేతులు ముందుకు పట్టుకున్నాడు. పంతులు గొంతెత్తాడు.

"దొర చూసెనయ్యా, దొర లేచెనయ్యా,
తడిసినోని చెయ్యి పట్టెనయ్యా..."

నేను కుర్చీ చేతుల మీద అరచేతులు ఆన్చాను. కొద్దిగా కదిలాను. అక్కడ ఆగాను.

ఎందుకు ఆగానో తర్వాత చాలా రోజులు నాకే తెలియలేదు. ఒంటికి అంత వరకే తెలుసు. అంత వరకు కదిలాక ఎదుటివాళ్లు 'కూర్చోండి' అనాలి. పుట్టినప్పటి నుంచీ అన్నారు. నేను ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాను. వాళ్లు నేను లేవడం కోసం ఎదురుచూస్తున్నారు. అలా ఇరువైపులా ఆగిపోయాం. పంతులు అదే చరణం మళ్లీ పాడాడు. వంతపాడేవాళ్లు అందుకున్నారు. డప్పు ఒక దెబ్బ వేసి ఆగింది. ఇప్పటికైనా లేవాలని నాకు తెలుసు. పట్వారి గొడుగు కింద నుంచి చూస్తున్నాడు. అతని వల్లనే లేవలేదంటే నాకు తేలిక. అతను అక్కడ లేకపోయినా లేచేవాణ్ణని చెప్పలేను. మూడోసారి పాడేటప్పుడు పంతులు గొంతు కొంచెం పైకి పోయింది, బతిమాలుతున్నట్టు.

నీరడి నా మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో అతను నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి. చూసి, నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"కూసో దొర. కూసో."

నేను వెనక్కి ఆనుకున్నాను.

అతను నా కుర్చీ ముందు నేల మీద గొంతుక్కూర్చుని, కొడుకు వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "ఏందిరా గంతసేపు లాగుతవు? ద్వీపం దొర మనసుల లేచిండు, నాకు కనవడ్డది. ఇగ కథ నడుపు, చలి పెడుతుంది!"

అందరూ నవ్వారు. బరువు దిగిన నవ్వు అది. కథ నడిచింది. దొర తండ్రికి జ్వరం వచ్చింది, తగ్గింది. మూడు నెలలు గడిచాయి. ఖైదీ రోముకు ఓడ ఎక్కాడు. పంతులు చివరిదాకా తప్పు లేకుండా పాడాడు. ఆ బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. నేను బయలుదేరేటప్పుడు రెండు అరటిపళ్లు కొత్త విస్తరిలో పెట్టి తెచ్చి నా ముందు నేల మీద ఉంచారు. తొక్క ఒలవని పండైతే మేము ముట్టుకుంటామని వాళ్లకు తెలుసు.

మర్నాడు పంతులు వచ్చాడు. అతను నోరు తెరవక ముందే నేను అన్నాను, "పాటల ఎక్కడ లేవాలెనో మరిచిపోయిన పంతులూ."

"అవును దొర. డప్పుల చప్పుడుల వినవడకపోవచ్చు" అన్నాడు. నేను మరిచిపోలేదని అతనికి తెలుసు, తెలుసునని నాకు తెలుసు. ఆ తర్వాత అతను పొద్దున్నే రావడం మానేశాడు. బడి పని ఎక్కువైందని కబురు పంపాడు. అట్లాసు మళ్లీ లోపలికి పోయింది.

నీరడి మాత్రం రోజూ వచ్చాడు, ఎప్పటిలాగే. "బాంచెన్ దొర, ఇయ్యాల బారెడున్నర." అతని మొహంలో ఏ మార్పూ లేదు. అతనికి నా మీద కోపం ఉన్నా బాగుండేది. అతను ముందే చెప్పాడు, ఏ దొరా లేవడని. అతని లెక్క సరిపోయింది, అంతే.

పుష్యమాసం చలిలో నాలుగు రోజులు అతను రాలేదు. జ్వరమని తెలిసింది. అయిదో రోజు పొద్దున నేను వాడకు బయలుదేరాను. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డాను, వాడ మా ఇంటికి అరమైలు కూడా లేదు, అయినా అటు అడుగుపెట్టడం అదే మొదలు. దారిలో ఒక మాట కూడబలుక్కున్నాను. 'ఆనాడు నేను మరిచిపోలేదు. లేవలేక కాదు, లేవలేదు. తప్పు నాది, మీ కథది కాదు. నువ్వు నీ కొడుకు మాట విను.' అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేకుండా చెప్పి రావాలనుకున్నాను.

గుడిసె ముందు పంతులు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నేనెందుకు వచ్చానో అతను పోల్చుకున్నాడనుకుంటాను. పక్కన మూత పెట్టిన కొత్త కుండ ఉంది. "మంచంల ఉన్నోళ్లకు మునుగుడు అక్కరలేదు దొర. తల ఊపితే చాలు, కుండెడు నీళ్లతోని అయిపోతది" అన్నాడు మెల్లగా. అని గడపలోంచి పక్కకు తప్పుకున్నాడు.

నేను తల వంచి లోపలికి అడుగుపెట్టాను. మంచం మీద నీరడి కళ్లు మూసుకుని ఉన్నాడు. నా నీడ పడిందో, చెప్పుల చప్పుడో, కళ్లు తెరిచాడు. తెరిచి లేవబోయాడు.

"పండుకో నాయనా" అంటూ కొడుకు లోపలికి వచ్చి భుజం పట్టుకున్నాడు. తండ్రి ఆ చేయి తోసేశాడు. ఒక కాలు దించాడు, రెండో కాలు దించాడు. గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు. నడుం వంచి, "బాంచెన్ దొర" అన్నాడు.

కూర్చో అనాలి. ఆ ఒక్క మాట. మా ముందు నిలబడినవాణ్ణి కూర్చోమనడం మాకు ఎవరూ నేర్పలేదు, నేర్పకపోతే మనిషికి రాకూడదా? నేను కూడబలుక్కున్నది నోటిదాకా వచ్చింది. గుంజను పట్టుకున్న ఆ చేయి చూసేసరికి వేరే మాట వచ్చింది.

"జరమెన్ని దినాల సంది?"

"నాలుగొద్దులాయె."

"దవాఖానకు తీస్కపోలేదా పంతులూ?"

"డాక్టరు వచ్చి చూసిపోయిండు దొర" అన్నాడు పంతులు. అతను నా మొహంలోకే చూస్తున్నాడు.

ముసలాయన ఊపిరి తీసుకుని అన్నాడు, "చెరువు చూడలే దొర. నాలుగొద్దుల లెక్క తప్పింది."

"పర్వాలేదు" అన్నాను.

నేను అక్కడ ఉన్నంతసేపు అతను పడుకోడని అర్థమైంది. దాన్నే సాకు చేసుకుని బయటికి వచ్చాను. కుండ పక్కన నుంచే నడిచి వచ్చాను. పంతులు నా వెంట రాలేదు.

మూడో రోజు నీరడి పోయాడు. సంఘం పెద్దలు కట్టడి తప్పలేదు. కాలువ అవతల, కంచెకు దూరంగా, వాడవాళ్ల పాత జాగాలో పాతిపెట్టారు. నేను కాలువ కట్ట మీద నిలబడి చూశాను. పని ముగిశాక అందరూ ఇళ్లకు మళ్లారు. పంతులు కాలువలో చేతులు కడుక్కుని కట్ట ఎక్కి నా ముందు నుంచే పోవలసి వచ్చింది. పోనివ్వలేక అడిగాను.

"ఏమన్న చెప్పిండా?"

"నీళ్ల సంగతి రెండుసార్లు అడిగిన దొర. తల ఊపలే." అతను తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "మీరొచ్చి పోయినంక మాత్రం ఒక మాట అడిగిండు."

"ఏమని?"

"దొరకు కూసునెతందుకు ఏమన్న ఏసిన్రా అని."

ఆ గుడిసెలో ఆ ఒక్క మంచం తప్ప కూర్చునేందుకు ఏమీ లేదు.

"ఏసినమని చెప్పిన" అన్నాడు పంతులు. "దొర కూసున్నడు, మంచిగ మాట్లాడి పోయిండు అని చెప్పిన. అబద్ధమాడొద్దని పిల్లలకు చెప్పేటోన్ని."

కట్ట మీద పెట్టిన పార తీసి భుజాన వేసుకుని దిగి పోయాడు.